మూడో పెట్టె

మార్చి 1

ఈ డైరీ బావ ఇచ్చాడు. ఆయన మెడికల్ షాపుకి ఏటా కంపెనీలవాళ్లు ఇలాంటివి పంచిపెడతారు. ప్రతి పేజీ అడుగునా ఏదో ఒక మందు ప్రకటన. ఈ రోజుకి అజీర్తి మాత్ర వచ్చింది. "ఆరేళ్లుగా బుర్రలో కుక్కుకున్నదంతా ఇందులో కక్కేయరా, తేలికపడతావు" అన్నాడు. అక్క పక్కనుంచి, "వాడి బుర్రలోది వాడికే అర్థం కాదు, ఈ పేజీలు సరిపోవు" అంది. ఇద్దరూ కలిసి నన్ను ఆటపట్టించడం మొదలుపెడితే ఆపడం నా తరం కాదు.

గడువు ఏప్రిల్ 30. ఇప్పటికే మూడుసార్లు పొడిగించారు. నాలుగోసారి ఉండదని ఉత్తరంలో కింద గీత గీసి మరీ చెప్పారు. ఆ రోజుకి థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు, ఆరేళ్లూ నీళ్లపాలు. గడువు సంగతి ఇంక రాయను, గోడమీది క్యాలెండర్ చూస్తే తెలుస్తూనే ఉంటుంది.

ఈరోజు నాలుగు పెట్టెలూ పెట్టేశాం. మొదటిది లైబ్రరీ కిటికీలో, రెండోది టైలర్ బాబాయి కొట్టులో, మూడోది బావ షాపులో, నాలుగోది హాస్టల్ మెట్ల కింద. మా ల్యాబ్ నుంచి వెళ్లే సిగ్నల్ వీధి చివరి వర్క్‌షాపుకి చేరాలి. మధ్యలో ఎనిమిది అంతస్తుల బిల్డింగ్ అడ్డం, నేరుగా చేరదు. కాబట్టి ఈ పెట్టెలు మధ్యలో అందుకుని అటు అందిస్తాయి. ఒకటి పోతే ఇంకోదాన్ని ప్రోగ్రామే వెతుక్కుంటుందని బావకి గొప్పగా చెప్పాను.

టైలర్ బాబాయి పెట్టెను ఇటూ అటూ తిప్పి చూసి, "ఇందులో ఇంత చదువు ఏముందయ్యా?" అని అడిగాడు. చెప్పాను. సిగ్నల్ ఒకే లావుపాటి తాడులా వెళ్లదు, అరవై నాలుగు సన్నటి దారాలుగా విడిపోయి వెళ్తుంది. ఒక దారం ఒక పెట్టెకి బాగా వినబడుతుంది, ఇంకో దారం ఇంకో పెట్టెకి. దారాలన్నిటినీ ఒకే పెట్టెకి అప్పజెప్పాలా, ఒక్కో దారానికి ఒక్కో మంచి పెట్టెను ఎన్నుకోవాలా, లేక రెండు పెట్టెల్ని ఎంచి వాటికే పంచాలా, ఇదీ నా ప్రశ్న అన్నాను.

"అరవై నాలుగు దారాలు, నాలుగు సూదులు. ఏ దారానికి ఏ సూదో చూసుకోవాలి. అంతేగా?"

"అంతే బాబాయ్."

"మరి ఆరేళ్లు ఎందుకు పట్టింది?"

ఎగ్జామినర్ ఇదే అడిగితే ఏం చెప్పాలో ఇప్పటినుంచే ఆలోచించుకోవాలి.

మార్చి 2

నాలుగూ పలుకుతున్నాయి. నాలుగింటి మీదా పచ్చదీపం వెలుగుతోంది.

మార్చి 5

ఈ ఇంట్లో నాకు ముందుగది ఇచ్చి ఆరేళ్లయింది. అది అసలు బావ గది. ఆయన పుస్తకాలు, రేడియో, పాత చెస్ బోర్డు అన్నీ మంచం కిందకి చేరాయి, ఒక్కరోజు కూడా వాటి ఊసెత్తలేదు. పెళ్లి సంగతేంటని బంధువులు నన్ను అడిగితే బావే మధ్యలో దూరి, "ముందు వాడి దారాలు ముడిపడనివ్వండి" అంటాడు. ఎవరికి ఏం రుణపడ్డానో ఒక లిస్టు రాద్దామనుకుని కూర్చున్నాను. అక్క, బావ అని రాశాక మూడో పేరు దగ్గర చాలాసేపు ఆగిపోయాను. మేడమ్ పేరు రాశాను. మా గైడ్. ఆవిడ తిట్టిన తిట్లన్నీ కూడా ఒకరకంగా అప్పే.

రాత్రి భోజనాల దగ్గర బావని అడిగాను, పెట్టె ఎలా ఉందని.

"బ్రహ్మాండం. మందులకంటే అదే బాగా మెరుస్తోంది."

ల్యాబ్ గేటు నుంచి బావ షాపు నలభై అడుగులు. రోజూ వెళ్లి చూడొచ్చు. కానీ రాత్రి ఎలాగూ అడుగుతాను కదా.

మార్చి 8

ఆదివారం. వీధి ఖాళీగా ఉంది. మధ్యాహ్నం మూడో పెట్టె రీడింగు ఎన్నడూ లేనంత పైకి వెళ్లింది. పెట్టె ఎంత స్పష్టంగా వింటోందో చెప్పే అంకె అది. ఆ అంకెను ఫోటో తీసుకున్నాను. పెళ్లికూతురి ఫోటో కూడా ఇంత సంబరంగా చూసుకోనేమో.

మార్చి 11

మూడో పెట్టె అదరగొడుతోంది. ప్రోగ్రాం దారాలు సగానికిపైగా దానికే అప్పజెబుతోంది.

బావని అడిగాను. బ్రహ్మాండం అన్నాడు.

మార్చి 13

టీ తాగడానికి వెళ్తూ వీధికి ఇవతలినుంచే బావ షాపు వైపు చూశాను. పెట్టె మీద పచ్చదీపం కనబడలేదు. ఎండ సూటిగా పడుతోంది. అంత ఎండలో అంత చిన్న దీపం కనబడదు.

లోపలికి వెళ్లి చూద్దామనుకున్నాను, కౌంటర్ దగ్గర నలుగురు నిలబడి ఉన్నారు. పనిలో ఉన్నవాణ్ణి ఎందుకు ఇబ్బంది పెట్టడం.

రాత్రి అడిగాను. "బ్రహ్మాండం" అన్నాడు, నీళ్లగ్లాసు ఎత్తుకుంటూ.

మార్చి 14

ఎండే.

మార్చి 17

మేడమ్‌కి మధ్యలో వచ్చిన ఫలితాలు చూపించాను. ఒక్కో దారానికి విడిగా పెట్టెను ఎన్నుకునే పద్ధతి ఒకే పెట్టెను నమ్ముకునే పద్ధతి కంటే బాగా ముందుంది. నేను మొదటి సంవత్సరంలో రాసిన మాటే నిజమవుతోంది. ఆవిడ కళ్లజోడు పైకి తోసి, "చూద్దాం" అన్నారు. మేడమ్ నోట 'చూద్దాం' అంటే మెచ్చుకోలు కింద లెక్క. అలా అనుకుంటే తప్పేం లేదు.

మార్చి 20

మూడో పెట్టె కాస్త తగ్గింది. వీధిలో లారీలు ఎక్కువైనట్టున్నాయి.

మార్చి 22

కొలతలు పూర్తి. మూడు వారాలు. మేడమ్ నా వైవా అయ్యేదాకా పెట్టెలు ఎక్కడివక్కడే ఉంచమన్నారు. లైబ్రేరియన్ గారికి, హాస్టల్ వాచ్‌మన్‌కి, టైలర్ బాబాయికి విడివిడిగా వెళ్లి కృతజ్ఞతలు చెప్పాను. బాబాయి చొక్కా కొలతలు తీసుకున్నాడు, డాక్టరేట్ వచ్చే రోజుకి కుట్టి ఇస్తాడట. వద్దంటే వినలేదు. "నువ్వు కొలతలు తీసుకుంటే లేదుగానీ నేను తీసుకుంటే తప్పా?" అన్నాడు.

ఇంతమంది మంచివాళ్ల మధ్య పనిచేసే అదృష్టం ఎంతమందికి ఉంటుంది? బావకి మాత్రం ఏమీ చెప్పలేదు. ఇంట్లోవాళ్లకి థ్యాంక్స్ చెబితే నవ్వుతారు.

మార్చి 29

ముఖ్యమైన పట్టిక తయారైంది. నూటికి అరవై ఒక్కసార్లు మూడో పెట్టే ఎంపికైంది. అక్కకి చూపించాను. "ఆయన షాపులో ఉందని దానికి కూడా పొగరెక్కిందా?" అంది.

ఏప్రిల్ 6

మేడమ్ పిలిచారు. బల్లమీద నా పట్టిక ఉంది, మూడో గడి చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి ఉంది.

"ఈ మూడో పెట్టె మరీ బుద్ధిమంతురాలిలా ఉందేమిటి?"

"మంచి చోట పెట్టాం మేడమ్. వీధికి ఎదురుగా."

"ఎంత మంచి చోటయినా గాలి నిలకడగా ఉండదు బాబూ. మనిషి అడ్డంగా నడిచినా మారుతుంది, తలుపు తీసినా మారుతుంది. మిగతా మూడూ ఎగిరిపడుతుంటే ఇది గీత గీసినట్టు ఉంది. సగటు చూసి మురిసిపోకు, అసలు రీడింగులు తీసి చూడు."

సరేనన్నాను.

ఏప్రిల్ 7

చూడలేదు. మొదటి అధ్యాయంలో మార్జిన్లు సరిచేశాను.

ఏప్రిల్ 8

బొమ్మల కింద నంబర్లు సరిచేశాను. అదీ ఎప్పుడో ఒకప్పుడు చేయాల్సిన పనే కదా. మేడమ్ కూడా మరీ అనుమానం మనిషి.

ఏప్రిల్ 9

చూశాను.

మార్చి 8 మధ్యాహ్నం నుంచి మార్చి 19 సాయంత్రం దాకా మూడో పెట్టె రీడింగు ఒకటే. 23.417. పదకొండు రోజులు, సెకనుకి పదిసార్లు, అదే అంకె. ఆదివారం నాడు నేను ఫోటో తీసుకున్న అంకె.

పెట్టె పనిచేయలేదు. ఆ పదకొండు రోజులూ అది ఆగిపోయి ఉంది. నా ప్రోగ్రాం మాత్రం చివరిసారి అది పలికిన మంచి మాటనే పట్టుకుని, దారాలన్నీ తెచ్చి దాని ముందు పోసింది. అటు వర్క్‌షాపులో చేరిన ప్యాకెట్లను, అంటే సమాచారపు ముక్కల్ని, లెక్కపెట్టి ఉంటే మొదటి రోజే బయటపడేది. నేను లెక్కపెట్టలేదు. రీడింగు బాగుంది కాబట్టి చేరినట్టే అని లెక్క కట్టాను. చాలామంది అలాగే చేస్తారు. చాలామంది చేస్తారనే నేనూ చేశాను.

పప్పులో కాలేశాను. గడువుకి ఇరవై ఒక్క రోజులు.

ఏప్రిల్ 10

బావని అడగలేదు. అక్కని అడిగాను, వంటింట్లో, మామూలుగా అడిగినట్టు.

"మార్చిలో షాపులో కరెంటు పోయిందా అక్కా?"

"కరెంటు పోవడం కాదురా, గోడలో బోర్డు కాలిపోయింది. ఒక్క ప్లగ్గే మిగిలింది. ఎలక్ట్రీషియన్ ఊళ్లో లేడు, పదిపన్నెండు రోజులు పట్టింది. ఫ్రిజ్‌లో ఇన్సులిన్ ఉంటుంది కదా, దాన్ని ఆపితే ఎలా? ఉన్న ఒక్క ప్లగ్గూ ఫ్రిజ్‌కి పెట్టారు. మీ బావ నీకు చెప్పలేదా?"

"చెప్పే ఉంటాడు. నేనే మర్చిపోయుంటాను."

అక్క నా మొహంలోకి చూసింది. నేను మంచినీళ్లు తాగాను.

చెప్పలేదు. పదకొండు రాత్రులు అడిగాను, పదకొండు రాత్రులూ బ్రహ్మాండం అన్నాడు. ఒక్క మాట, 'ప్లగ్గు తీశాన్రా' అని ఒక్క మాట అని ఉంటే నా పని ఇలా అయ్యేది కాదు. ఇన్సులిన్ సంగతి నాకు అర్థం కాదా? నేనేం రాక్షసుణ్ణా? ఆరేళ్ల చదువు ఆయనకి వేళాకోళంగా ఉంది. పేరుకి డాక్టరు గారూ డాక్టరు గారూ అని పిలుస్తాడు.

ఈ రాత్రి భోజనం దగ్గర పెట్టె గురించి అడగలేదు.

ఏప్రిల్ 11 ఉదయం

నిన్న రాసింది చదివాను. కొట్టేయాలనిపించింది. కొట్టేయను, ఉండనీ. నా బుద్ధి ఎటు పోతుందో నాకు తెలియాలి.

ప్రోగ్రాం తెరిచాను. 'పెట్టె పలకకపోతే పాత విలువనే ఉంచు' అన్న వరుస రాసింది నేనే. రెండేళ్ల కిందటి తేదీ పక్కనే ఉంది. చిన్నచిన్న అంతరాయాలకి పని ఆగకూడదని అప్పుడు పెట్టాను, తర్వాత చూసుకుందాం అనుకున్నాను. నా థీసిస్ అంతా మంచి పెట్టెను ఎలా ఎన్నుకోవాలి అన్నదాని మీద. పెట్టె అసలు బతికి ఉందా లేదా అని చూడటం మాత్రం మర్చిపోయాను. బావ తీసింది ప్లగ్గు. దాన్ని కనిపించకుండా చేసింది నేను.

ఇంకో మాట కూడా రాయాలి. పచ్చదీపం కనబడలేదు. ఎండ కాదు. ఆ వేళకి ఎండ అటువైపు పడదు, పడమటి వైపు పడుతుంది. నాకు ఆ రోజే తెలుసు.

ఇప్పుడు రెండు దారులు. పట్టిక అలాగే ఇచ్చేస్తే ఎవరికీ తెలియదు. మేడమ్‌కి 'చూశాను, బాగానే ఉంది' అంటే నమ్ముతారు, ఆరేళ్లలో ఆవిడ నా మాట ఎప్పుడూ కాదనలేదు. నిజం చెబితే మళ్లీ కొలవాలి, మళ్లీ రాయాలి, పందొమ్మిది రోజులు. కుదరకపోతే నా పేరు రిజిస్టరులోంచి పోతుంది.

మధ్యాహ్నం

మేడమ్ నమ్ముతారన్న మాట దగ్గరే ఆగిపోయాను. రీడింగు బాగుంది కాబట్టి చేరినట్టే అని నేను మూడో పెట్టెను నమ్మినట్టు.

ఏప్రిల్ 12

చెప్పేశాను. కూర్చోకుండానే చెప్పాను.

మేడమ్ పెన్ను మూత పెట్టారు, తీశారు. "ఎన్ని రోజులు కొలవాలి?" అని మాత్రం అడిగారు.

"తొమ్మిది రోజులైతే చాలు మేడమ్. పెట్టెలు అక్కడే ఉన్నాయి. ఈసారి చేరిన ప్యాకెట్లే లెక్కపెడతాను."

"నువ్వు కొలుస్తూ ఉండు. మిగతా అధ్యాయాలు నేను చదివేస్తాను. రోజుకొకటి పంపు. సెలవు పెట్టాను అనుకో." తర్వాత అన్నారు, "పాత పట్టిక తీసేయకు. మూడో పెట్టె పనిచేయని పదకొండు రోజుల్నీ ఖాళీగా వదిలి అనుబంధంలో పెట్టు. పక్కన కారణం రాయి."

"కారణం నా ప్రోగ్రాంలో లోపం అని రాస్తాను."

"అది నిజమే కదా?"

"నిజమే మేడమ్."

బయటికి వచ్చి మెట్లమీద కూర్చున్నాను. తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ణేమో. ఏమీ అనకుండా పని పంచుకున్న మనిషికి ఏం ఇచ్చుకోగలను? ఏడుపొచ్చింది. ఏడ్చాను. ఎవరూ చూడలేదు, స్వీపరమ్మ తప్ప. ఆవిడ మెట్లు తర్వాత ఊడుస్తానని వెళ్లిపోయింది.

ఏప్రిల్ 13

మళ్లీ మొదలు. ప్రోగ్రాంలో ఆ వరుస తీసేసి, పలకని పెట్టెను వెంటనే పక్కనబెట్టి మిగతావాటిలోంచి ఎన్నుకునేలా మార్చాను. హాస్టల్ పెట్టె ప్లగ్గు తీసి చూశాను, పనిచేసింది. లైబ్రరీది, టైలర్ బాబాయిది కూడా. మూడోది మాత్రం తీసి చూడలేదు. తీయమంటే బావ ఎందుకని అడుగుతాడు.

బావకి ఇంకొన్ని కొలతలు కావాలని మాత్రమే చెప్పాను.

"నీ పెట్టె నా షాపులో కాపురం పెట్టేలా ఉంది. తీసుకో, ఎన్ని కావాలంటే అన్ని" అన్నాడు.

ఏప్రిల్ 16

"ఏంట్రా, ఈమధ్య పెట్టె ఎలా ఉందని అడగడం మానేశావు?"

"రోజూ వచ్చి చూస్తున్నాను కదా బావా."

నిజమే, రోజూ పొద్దున్న నలభై అడుగులూ నడిచి వెళ్లి పచ్చదీపం చూసి వస్తున్నాను. బావ టీ తెప్పిస్తాడు. కౌంటర్ వెనక స్టూలు మీద కూర్చుని తాగుతాను. ఈరోజు ఒకాయన ఇన్సులిన్ కోసం వచ్చాడు. బావ ఫ్రిజ్ తలుపు తీసి, డబ్బా చేతికిచ్చి, ఎలా పట్టుకెళ్లాలో, ఇంటికెళ్లాక ఎక్కడ పెట్టాలో మూడుసార్లు చెప్పాడు. ఆయన వెళ్లాక నాతో, "మంచి మందే అయినా వేడి తగిలితే నీళ్లతో సమానం, పైకి ఏమీ తెలియదు" అన్నాడు.

నాకు కోపం ఎప్పుడు పోయిందో తెలియదు. వెతికి చూస్తే లేదు.

ఏప్రిల్ 21

కొలతలు అయ్యాయి.

ఏప్రిల్ 23

నా మొదటి సంవత్సరం మాట అంత గొప్పగా నిలబడలేదు. ఒక్కో దారానికి విడిగా ఎన్నుకోవడమే అన్నిటికంటే మంచిది, కానీ వెంట్రుకవాసి తేడాతో. రెండు పెట్టెల్ని ఎంచి వాటికే దారాలు పంచితే దాదాపు అదే ఫలితం వస్తోంది, శ్రమ సగం కూడా లేదు. ఒకే పెట్టెను నమ్ముకుంటే మాత్రం దెబ్బతింటాం. ఇంత చిన్న మాట చెప్పడానికి ఆరేళ్లా అని టైలర్ బాబాయి అడగనే అడుగుతాడు.

మేడమ్ చూసి, "ఇప్పుడు నిజంలా ఉంది" అన్నారు. ఈసారి మెచ్చుకోలు కిందే లెక్క, అనుమానం లేదు.

ఏప్రిల్ 28

అక్క నా పక్కన కూర్చుని రిఫరెన్సులు ఒక్కొక్కటే చదివింది, నేను సరిచూసుకున్నాను. రెండు వందల పదమూడు. ఇంగ్లీషు పేర్లు నోరు తిరగక కొన్నింటికి తనే ముద్దుపేర్లు పెట్టింది. బావ షాపు నుంచి వచ్చి వంట చేశాడు. ఉప్పు వేయడం మరిచాడు. ఎవరం ఏమీ అనలేదు, ఉప్పు డబ్బా అటూ ఇటూ తిరిగింది.

ఏప్రిల్ 30

ఇచ్చేశాను. సాయంత్రం నాలుగూ ఇరవైకి.

మే 2

నిద్ర.

జూలై 14

వైవా పదహారున. ఓపెన్ వైవా, ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. అక్కకి, బావకి చెప్పకూడదనుకున్నాను, అనుబంధంలో ఆ ఖాళీ పట్టిక ఉంది కాబట్టి. కానీ ఆరేళ్లు మోసినవాళ్లని రావద్దని ఎలా చెప్పను? ఎగ్జామినర్ అడిగితే ప్రోగ్రాంలో లోపం అంటాను. అది నిజమే. బావ దాకా పోనివ్వను. ఇన్నాళ్లూ దాచాను, ఇంకో గంట దాచలేనా?

జూలై 17

నిన్న జరిగింది నిన్ననే రాయలేకపోయాను. ఇప్పుడు పొద్దున్న ఎనిమిదిన్నర, అక్క ఫోన్లో అందరికీ చెబుతోంది, నేను రాస్తున్నాను.

చిన్న హాలు. ముందు వరసలో మేడమ్, పక్కన బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్, పెద్దాయన, మెల్లగా మాట్లాడతారు. చివరి వరసలో అక్క, బావ, టైలర్ బాబాయి. బావ షాపుని పనివాడికి అప్పజెప్పి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. నలభై నిమిషాలు మాట్లాడాను. గొంతు బాగానే పలికింది.

ఎగ్జామినర్ ప్రశ్నలు అడిగారు, చెప్పాను. తర్వాత థీసిస్ చివరికి తిప్పారు.

"ఈ పట్టికలో మూడో రిలే పెట్టె దగ్గర పదకొండు రోజులు ఖాళీగా ఉన్నాయి. ఏమైంది?"

"అది పనిచేయలేదు సార్. నా ప్రోగ్రాం గుర్తించలేదు. తప్పు నాది. అందుకే మళ్లీ కొలిచాను."

"అది చదివాను. పెట్టె ఎందుకు ఆగిందీ అని అడుగుతున్నాను."

"కరెంటు అందలేదు సార్."

"ఎందుకు అందలేదు?"

నేను చేతిలోని పేజీలు సర్దాను. మేడమ్ నా వైపే చూస్తున్నారు. వెనకాల కుర్చీ కదిలిన చప్పుడైంది. బావ లేచి నిలబడ్డాడు. చేతులు ముందుకు కట్టుకున్నాడు.

"ఆ ప్లగ్గు తీసింది నేనండీ. మందుల షాపు నాది. వీడికి బావని. బోర్డు కాలిపోయి ఒక్క ప్లగ్గే మిగిలితే ఇన్సులిన్ ఫ్రిజ్‌కి పెట్టుకున్నాను. దాని వల్ల ఇంత జరిగిందని ఇప్పుడే వింటున్నాను." నా వైపు తిరిగాడు. "నాకు చెప్పలేదేంట్రా?"

ఎగ్జామినర్ బావని అడిగారు, "మీరు ఈయనకి చెప్పలేదా అప్పుడు?"

"లేదండీ. చెప్పాల్సినంత విషయం కాదనుకున్నాను. రోజూ అడిగేవాడు, బాగుందనేవాణ్ణి. వాడు కంగారు మనిషి." అక్క ఆయన చొక్కా పట్టి లాగింది. ఆయన కూర్చోలేదు. మొహం పాలిపోయింది. నేను మూడు నెలలు ఏది చూడకూడదనుకున్నానో అదే చూశాను.

"బావా, తప్పు నాది. ప్రోగ్రాం సరిగా రాసి ఉంటే నువ్వు ప్లగ్గు తీసినా ఏమీ అయ్యేది కాదు" అన్నాను. హాల్లో ఉన్నామని మర్చిపోయాను.

ఎగ్జామినర్ మా ఇద్దరినీ కాసేపు చూశారు. "ఇప్పుడు సరిగా రాశావా?"

"రాశాను సార్."

"మూడో పెట్టెతో పరీక్షించావా?"

"మిగతా మూడింటితో చూశాను సార్. దాంతో చూడలేదు."

"పెట్టెలు ఇంకా అక్కడే ఉన్నాయా?"

"ఉన్నాయి సార్."

ఆయన బావ వైపు తిరిగారు. "మీ షాపు దగ్గరేనా? వెళ్లి ఆ ప్లగ్గు తీయండి. ఫోన్లో చెప్పి తీయండి."

బావ తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగి, "పెట్టెదే కదండీ, ఫ్రిజ్‌ది కాదు కదా?" అని అడిగాడు. అప్పుడు మాత్రం అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఆరేళ్లూ ఆ ఒక్క ప్లగ్గు మీద ఉన్నాయి.

కంప్యూటర్ని గోడమీది తెరకి కలిపాను. అరవై నాలుగు గీతలు, ఒక్కో పెట్టెకి ఒక్కో రంగు. మూడోదానిది నారింజ. ఇరవైకిపైగా గీతలు నారింజ రంగులో ఉన్నాయి. కింద వర్క్‌షాపుకి చేరుతున్న ప్యాకెట్ల నంబర్లు వరుసగా పడుతున్నాయి. ఫోన్ బల్లమీద పెట్టాను, స్పీకర్ ఆన్ చేసి. బావ నడక, రోడ్డుమీద హారన్లు, షట్టర్ దగ్గర ఎవరితోనో 'ఒక్క నిమిషం ఆగండి' అనడం, అన్నీ వినబడ్డాయి.

"తీస్తున్నాన్రా."

"తియ్యి బావా."

"తీశాను."

నారింజ గీతలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. నంబర్లు ఆగాయి. తర్వాత ఒక గీత నీలంగా మారింది, పక్కది పచ్చగా, ఇంకోటి మళ్లీ నీలంగా, ఒకదాని వెంట ఒకటి, తెరంతా నిండిపోయింది. నంబర్లు మళ్లీ కదిలాయి. మధ్యలో రెండు తప్పిపోయాయి, రెండే. మేడమ్ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు.

"ఏమైందిరా? ఒరేయ్, ఉన్నావా?" అంటున్నాడు బావ ఫోన్లో. నేను తెర వైపే చూస్తున్నాను.

ఎగ్జామినర్ ముందున్న ఫారం దగ్గరికి లాక్కుని సంతకం పెట్టారు. ఫోన్ చేతిలోకి తీసుకున్నారు.

"పనిచేసిందండీ. మీ పెట్టె లేకపోయినా మిగతావి అందుకున్నాయి."

"పనిచేస్తుందని వాడు ఎప్పుడో చెప్పాడు కదండీ" అన్నాడు బావ. "ఒకటి పోతే ఇంకోదాన్ని అదే వెతుక్కుంటుందని. అది నమ్మే కదా అప్పుడు కూడా తీశాను."